తోక కుచ్చు కత్తిరించని మూడు కోడెలు

మా ఆవిడ మొక్కజొన్న ఉడకబెట్టినప్పుడల్లా, ఆ తియ్యటి ఆవిరి నేపర్‌విల్‌లోని మా వంటింట్లోంచి నన్ను కాన్సాస్‌కు తీసుకుపోతుంది. అక్కడి ఫీడ్‌లాట్‌లో, అంటే వేల కోడెలను మేపి బరువు పెంచి కబేళాకు పంపే చోట, తెల్లవారేసరికి మొక్కజొన్నను ఆవిరి పట్టి అటుకుల్లా నొక్కేవారు. ఆ వాసన వెనకే పేడ వాసన. దొడ్ల మధ్య టోపీ చేత్తో పట్టుకుని నెమ్మదిగా నడిచే డాక్టర్ సోమయాజులు గారు.

ఎనభైల మొదట్లో నేను అక్కడ జబ్బు పశువులకు సూదులు వేసే పనిలో చేరాను. మన దగ్గర పశువైద్యం చదివాను కానీ ఇక్కడ లైసెన్సు లేదు. నా గ్రీన్‌కార్డుకు కాగితాలు పెట్టింది ఆ కంపెనీయే. అక్కడి డాక్టరు తెలుగువారని తెలిసి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మాంసం ముట్టని బ్రాహ్మణుడని తెలిశాక, ఆయన నా ప్రభువును నమ్మి రక్షణ పొందాలని రోజూ ప్రార్థించడం మొదలుపెట్టాను. ఆయన పెరుగన్నం డబ్బా తెచ్చుకుని ఆస్పత్రి షెడ్డులోనే తినేవారు. ఉండబట్టలేక ఒకరోజు అడిగాను.

"మీరు తినని మాంసానికి ఇంత జాగ్రత్త ఎందుకండీ?"

"తినేవాళ్ళు మనల్ని నమ్మి తింటున్నారయ్యా. వాళ్ళ పిల్లలకి మన మందులు తినిపిస్తామా?"

మొదటి వారంలోనే నా చేతిలోంచి పశువులకు షాకిచ్చే కరెంటు కర్ర లాగేసుకున్నారు. కదలని కోడెను అదిలిస్తూ నేను గట్టిగా కేకలు పెడుతున్నాను. "అబ్బాయ్, నిన్ను ఇలా లేపితే లంచ్‌కి కూర్చుంటావా? బెదిరిన పశువు మేత మానేస్తుంది. మేత మానితే జ్వరం. జ్వరమొస్తే మళ్ళీ నీ సూది." ఆయన దాని భుజం పక్కగా రెండడుగులు వేసి ఆగారు. అది తనంతట తానే నడిచింది.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. సూది వేసిన పశువు తోక కుచ్చు గుర్తుగా అక్కడికక్కడే కత్తిరించాలి, చెవి బిళ్ళ నంబరు కార్డు మీద రాయాలి. ఆ తరవాతే సూది కింద పెట్టాలి. మందు ఒంట్లోంచి దిగిపోవడానికి ఇన్ని రోజులని ఉంటుంది. అవి గడిచేదాకా ఆ పశువు లారీ ఎక్కకూడదు.

ఒక ఆదివారం ఆ నియమం తప్పాను. విచిటాలో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి నెలకోసారి ఆరాధన జరుపుకునేవాళ్ళం. ఆ రోజు వాక్యం చెప్పే వంతు నాది. పొద్దున్నే దగ్గుతున్న మూడు కోడెలకు సూదులు వేసి, రేపు రాసుకుందాంలే అని నేరుగా వాటి దొడ్డిలోకి వదిలేసి కారెక్కాను. నమ్మకత్వం గురించి ఆ రోజు బాగా చెప్పానని అందరూ మెచ్చుకున్నారు. సోమవారం ఆ కోడెల సంగతే గుర్తు రాలేదు.

మంగళవారం సాయంత్రం, ఏ దొడ్డికి ఎప్పుడు లారీలో రాసే బోర్డు చూశాను. మర్నాడు ఆ దొడ్డికే లారీలు. దొడ్డిలోకి దిగాను. అన్నీ నల్లవే, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక్కటీ దగ్గడం లేదు. "ప్రభువా, ఆ మూడింటినీ చూపించు. ఎవరికీ తెలియకుండా పక్కకు తీసేస్తాను" అని పైకే ప్రార్థిస్తూ తిరిగాను.

"ఏమయ్యా పాస్టరూ, పశువులకి వాక్యం చెబుతున్నావా?"

కంచె మీద మోచేతులు ఆనించి సోమయాజులు గారు. నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయారు. చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఉద్యోగం, కాగితాలు, పురిటికి దగ్గరపడిన నా భార్య ముఖం కళ్ళ ముందు కదిలాయి.

ఆయన కంచె మీంచి మోచేతులు తీశారు. "ఏ మూడో తెలియదు కాబట్టి అన్నీ ఆగాలి. పద, మేనేజర్‌కి ఫోన్ చెయ్యి."

"మీరు చెబితే..."

"నేను పక్కనే నుంచుంటా. చెప్పాల్సింది నువ్వు."

షెడ్డులోని ఫోన్‌లో నంబరు రెండుసార్లు తప్పింది. అవతల మేనేజరు తిట్టిన తిట్లు షెడ్డంతా వినిపించాయి. మధ్యలో సోమయాజులు గారు రిసీవరు అందుకుని, మందు గడువు తీరేదాకా ఆ దొడ్డి నుంచి ఒక్క పశువు వెళ్ళడానికి కూడా తాను సంతకం పెట్టనని ఇంగ్లీషులో మెల్లగా చెప్పి పెట్టేశారు.

"నా ఉద్యోగం ఉంటుందాండీ?"

"తెలీదయ్యా. నా వంతు నేను మాట్లాడతా." నా భుజం తట్టారు. "ఇప్పుడెళ్ళి ప్రార్థన చేసుకో."

ఉద్యోగం నిలిచింది. నెల రోజులు సూది ముట్టనివ్వలేదు, తొట్లు కడిగించారు. లారీలు వెనక్కి వెళ్ళిన ఆ బుధవారం ఆయన నాకు పెరుగన్నంలో సగం పెట్టారు.

ఆయన నా ప్రభువును ఒప్పుకోకుండానే కన్నుమూశారు. అది నాకు ఇప్పటికీ బాధే, దాచను. కానీ ఆ సాయంత్రం నేను అడిగిన మూడు కోడెలకు బదులు దేవుడు ఆయన్ని కంచె దగ్గరికి పంపాడని నా విశ్వాసం. ఇప్పుడు క్షమాపణ కోసం మోకరించినప్పుడు, నా తప్పు చెప్పాల్సిన మనిషికి ఇంకా చెప్పలేదని గుర్తొస్తే ఆమెన్ దాకా వెళ్ళలేను. లేచి ఫోన్ అందుకుంటాను. "ఇంత పొద్దున్నే ఎవరికండీ?" అంటుంది మా ఆవిడ. అప్పుడు కూడా నంబరు ఒక్కోసారి తప్పుతుంది.