రేపల్లె సెంటర్ రిపోర్టు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, రొయ్యల రైతులు మొదటి పంటకు చెరువులు సిద్ధం చేసుకునే రోజుల్లో, తెనాలిలో ఒక ప్రైవేటు పరీక్షా ల్యాబులో సిస్టమ్స్ అనలిస్టుగా చేరాను. సిస్టమ్స్ అనలిస్టు అంటే ప్రోగ్రాం రాసేవాళ్లకు పైన, యజమానికి కింద; ఇద్దరి చేతా చీవాట్లు తినే పదవి. నాకున్న ప్రత్యేకత ఒక్కటే. ఆ ల్యాబు వెబ్‌సైటు పెర్ల్ అనే కంప్యూటరు భాషలో రాసింది. ఆ భాష వచ్చినవాళ్లు చుట్టుపక్కల ఇంకెవరూ దొరకలేదు. కొత్తగా చదువుకుని వచ్చిన పిల్లలు పెర్ల్ అనగానే పాత సామాన్ల కొట్టును చూసినట్టు మొహం పెట్టేవారు. నాకు ఒళ్లు మండేది. పాతదైతే ఏం, తిన్నగా రాస్తే తిన్నగా పనిచేస్తుంది.

ల్యాబు చేసే పని ముందు చెప్పాలి. రొయ్య పిల్లలను రైతులు వాటిని పొదిగించి అమ్మే హేచరీల దగ్గర కొంటారు. ఆ పిల్లలో తెల్లమచ్చ వైరస్ ఉంటే చెరువు మొత్తం పోతుంది. అందుకని పిల్లను చెరువులో వదిలే ముందు రోజే కొంచెం నమూనా తెచ్చి రేపల్లెలోనో బాపట్లలోనో ఉన్న మా సెంటర్లో ఇస్తారు. అది ఐసు పెట్టెలో తెనాలి వస్తుంది. ఇక్కడ పరీక్ష చేసి, వైరస్ ఉందో లేదో డేటాబేసులో ఎక్కిస్తారు. తెల్లవారేసరికి సెంటర్లో కూర్చున్న టెక్నీషియన్ ఆ పేజీ తెరిచి, ప్రింటు తీసి, సంతకం పెట్టి రైతు చేతికిస్తుంది. ఎండెక్కితే నీళ్లు వేడెక్కుతాయి కాబట్టి పిల్ల వదలడం చల్లటి పూటే జరగాలి. హేచరీ బండి చెరువు గట్టున ఆగి ఉంటుంది, రైతు ఇక్కడ కౌంటరు మీదకు వంగి నిలబడి ఉంటాడు. రెండు ఊళ్లలోనూ అందరికీ అదే గంట.

నేను చేరిన కొద్ది రోజులకే సాంబయ్య గారనే రైతు తెనాలి ఆఫీసుకు వచ్చి గొడవ పెట్టుకున్నాడు. రేపల్లె దగ్గర కౌలు చెరువులు చేసేవాడు. ఆయన చేతిలో మా రిపోర్టు ఉంది, ‘వైరస్ లేదు’ అని. ఆ మాట నమ్మి పిల్ల వదిలితే రొయ్యలు గట్ల వెంట తేలి చచ్చిపోయాయి. ఆఫీసులో డేటాబేసు తీసి చూస్తే అదే నమూనాకు ‘వైరస్ ఉంది’ అని స్పష్టంగా కనిపించింది. ల్యాబు సరిగ్గానే చెప్పింది. మధ్యలో కాగితం మారింది. కాగితం మీద సంతకం రేపల్లె సెంటర్ జూనియర్ టెక్నీషియన్ సువార్తది.

ఇక ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు. హేచరీవాళ్లు ఆ అమ్మాయి చెయ్యి తడిపి ఉంటారని సాయంత్రానికల్లా మూడు ఊళ్లలోనూ అనుకున్నారు. ల్యాబు యజమాని ప్రసాదరావు గారు ఆమెను పనిలోంచి ఆపేశారు. తర్వాత నన్ను గదిలోకి పిలిచి, “ఎలా మార్చిందో కనిపెట్టండి మేడమ్” అన్నారు. మార్చిందా లేదా అని అడగలేదు. ఎలా మార్చిందో అని అడిగారు.

సువార్త సాంబయ్య గారి ఊరిదే. వాళ్ల నాన్న చర్చి బళ్లో టీచరుగా చేసి పోయాడు. సాంబయ్య గారిని బాబాయ్ అని పిలుస్తూ పెరిగిన పిల్ల. వాళ్లింటికి వెళ్తే నాకు కుర్చీ వేసి తను గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏడవలేదు.

“తెర మీద ఏం వచ్చిందో అదే ప్రింటు తీశానండి. నేనేం మార్చలేదండి” అంది. “ఉద్యోగం పోతే పోయిందండి, ఇంకోటి చూసుకుంటాను. బాబాయ్ మా ఇంటి ముందు నుంచి వెళ్తా మొహం తిప్పుకుంటున్నాడండి. ఆయనొక్కడు నమ్మితే చాలండి నాకు.”

నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ అంతే సూటిగా జవాబు చెప్పింది. బయటికి వచ్చేటప్పుడు ఈ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదని నాకు అనిపించింది. కానీ అనిపించడం వేరు, చూపించడం వేరు. నా ఉద్యోగం చూపించడం.

తెనాలి ఆఫీసులో కూర్చుని పాత నమూనాల నంబర్లు ఒక్కొక్కటే కొట్టి చూశాను. ప్రతిసారీ సరైన ఫలితమే వచ్చింది. ఎన్నిసార్లు చూసినా అంతే. నాకు ఈ ప్రోగ్రాం మీద కోపం వచ్చింది. తప్పు చేస్తూ పట్టుబడితే ఏదో ఒకటి చెయ్యొచ్చు, బుద్ధిమంతుడిలా కూర్చున్నదాన్ని ఏం చేస్తాం! ప్రసాదరావు గారు మాత్రం నా వెనక నిలబడి మురిసిపోయారు. “ఇదివరకు ఈ పేజీ ఎంత ఏడిపించేదో మీకు తెలీదు మేడమ్. పొద్దున్నే తెరిస్తే ఫలితం రావాల్సిన చోట ఖాళీ వచ్చేది. రెండోసారి నొక్కాల్సొచ్చేది. మీ ముందున్నబ్బాయి స్పీడు పెంచాక ఒక్క ఖాళీ లేదు” అన్నారు.

ఆ ఖాళీ మాట నా చెవిలో ఉండిపోయింది. ఆ ఖాళీలు ఎందుకు వచ్చేవో, ఎందుకు ఆగాయో ఎవరూ అడగలేదు.

మర్నాడు తెల్లవారుజామునే ఆఫీసు జీపులో రేపల్లె వెళ్లాను. కౌంటరు ముందు రైతులు గుమిగూడి ఉన్నారు. సువార్త స్థానంలో బాపట్ల నుంచి ఒకతన్ని వేశారు. నేను అతని పక్కన కూర్చుని, తెర మీద వచ్చిన ప్రతి ఫలితాన్నీ ప్రింటు తియ్యకముందే తెనాలి ల్యాబుకు ఫోను చేసి సరిచూసుకున్నాను. కాసేపు అన్నీ సరిపోయాయి. తర్వాత ఒక రైతు పేరు, అతని చెరువు నంబరు సరిగ్గా వచ్చి, కింద ‘వైరస్ లేదు’ అని వచ్చింది. ఫోనులో అవతలి మనిషి ‘ఉంది’ అన్నాడు. మళ్లీ నొక్కితే తెర మీద కూడా ‘వైరస్ ఉంది’ అని మారింది.  అంతకు ముందు క్షణంలో బాపట్లలో ఎవరి ఫలితం అడిగారని కనుక్కుంటే, అది ‘లేదు’. ఆ ఫలితం ఇక్కడికి వచ్చి అతుక్కుంది.

జరిగింది ఇది. మొదట్లో ఈ ప్రోగ్రాం పాత పద్ధతిలో నడిచేది. ఎవరైనా పేజీ అడిగినప్పుడల్లా కొత్తగా మొదలై, పని చేసి, ఆగిపోయేది. అందుకే నిదానం. నా ముందున్న కుర్రాడు దాన్ని ఆగకుండా నడిచేలా మార్చాడు. ఒకసారి మొదలైన ప్రోగ్రామే వరసగా అందరికీ పేజీలు ఇస్తుంది. వేగం పెరిగింది, ఆ మేరకు మంచి పనే. కానీ అలా నడిచేటప్పుడు, ముందు మనిషి కోసం దాచుకున్న విలువలు తుడవకపోతే అలాగే ఉండిపోతాయి. టీ కొట్లో ఒకరు తాగిన గ్లాసు కడక్కుండా రెండోవాళ్లకు ఇచ్చినట్టు. మామూలు వేళల్లో పర్వాలేదు, కొత్త ఫలితం వచ్చి పాతదాని మీద పడుతుంది. తెల్లవారుజామున మాత్రం రెండు ఊళ్లవాళ్లూ ఒకేసారి మీద పడితే డేటాబేసు కొన్నిసార్లు జవాబివ్వలేకపోయేది. జవాబు వచ్చిందా లేదా అని ప్రోగ్రాం చూసుకోదు. పాత పద్ధతిలో అప్పుడు ఖాళీ కనిపించేది. కొత్త పద్ధతిలో ముందు మనిషి ఫలితం కనిపించింది. ఖాళీలు ఆగిపోయింది అందుకే.

ఇప్పుడు చెప్పబోయేది తల్చుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ వేళ కౌంటరు ముందు నిలబడ్డవాళ్లలో సువార్త ఊరివాళ్లు ఉన్నారు. సాంబయ్య గారి చెరువు కూతవేటు దూరం. కబురు చేస్తే వచ్చేవాడు. కానీ మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. లోపం కనపడగానే దాన్ని కస్టమర్ కంటపడకుండా చూస్తాం. ఎవరూ నేర్పక్కర్లేదు, చేతులకు అదే వస్తుంది. నేను తెరను నా వైపు తిప్పుకుని, లైను సరిగా లేదండి, కాసేపాగండి అని రైతులతో అన్నాను. ఫలితాలు ఫోను మీద చెప్పించి పంపేశాను. ప్రసాదరావు గారికి ఫోను చేస్తే వెంటనే సరిచెయ్యండి, ఇంకో చెరువు పోకూడదు అన్నారు. అదీ న్యాయమే. మధ్యాహ్నం కాకముందే తెనాలి వచ్చి సరిచేశాను. ప్రతి పేజీకీ ముందు విలువ తుడిచెయ్యడం, డేటాబేసు జవాబివ్వకపోతే ‘ఫలితం అందలేదు, మళ్లీ ప్రయత్నించండి’ అని తెర మీద చెప్పడం. అంతే, నాలుగు వరసల పని. ఆ రోజు అన్నం హాయిగా తిన్నాను. ఆ అమ్మాయి బయటపడిందనుకున్నాను.

రిపోర్టు రాసి, ఇది ప్రోగ్రాం లోపమేనని రైతులందరికీ తెలియజెయ్యాలని అందులో పెట్టాను. ప్రసాదరావు గారు చదివి మడిచి బల్ల సొరుగులో పెట్టారు. సువార్తను ఏ మాటా లేకుండా మళ్లీ పనిలోకి రమ్మంటానన్నారు. రైతులకు చెప్పే విషయం నేను మళ్లీ ఎత్తితే, ఆయన కోప్పడలేదు, నచ్చజెప్పారు. “ప్రోగ్రాం తప్పంటే ఇన్నాళ్లూ మనమిచ్చిన ప్రతి రిపోర్టూ తప్పే అనుకుంటారు మేడమ్. మనిషి తప్పంటే ఆ మనిషితో పోయిద్ది.”

ఛీ అనిపించింది. ఆ మాట ఆయన మొహం మీద అనలేదు గానీ, ఇంకెవరూ చెప్పకపోతే నేనే చెబుతానని లేచి వచ్చేశాను. సువార్తకు పని సంగతి చెబితే, “బాబాయ్‌కి చెప్పారాండీ?” అని ఒక్కటే అడిగింది.

పాత ప్రోగ్రాం నకలు నా దగ్గర ఉంది. దాన్ని లాప్‌టాప్‌లో పెట్టుకుని సాంబయ్య గారింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టి, తెర మీద రెండు విండోలు పక్కపక్కన తెరిచి, బాపట్ల ఫలితం రేపల్లె పేరు కిందకు ఎలా వస్తుందో ఆయన కళ్ల ముందే చేసి చూపించాను. శ్రద్ధగానే చూశాడు. మళ్లీ చెయ్యమన్నాడు, చేశాను. తర్వాత సెంటర్లో కంప్యూటరు మీద చూపించమన్నాడు. అక్కడ సరిచేశామండి, ఇక రాదు అన్నాను.

ఆయన లాప్‌టాప్‌ను నా వైపు జరిపాడు. “అమ్మా, ఇది మీరు తెచ్చుకున్న పెట్టె. మీరు ఏం చూపిచ్చమంటే అది చూపిచ్చిద్ది. సెంటర్లో మిషను నా కళ్ల ముందు తప్పు చెప్పుంటే నమ్మేవాణ్ణి” అన్నాడు. “ఆడపిల్ల కదా, మీకు జాలి కలిగింది. నాకూ జాలిగానే ఉందమ్మా. నా చేతుల్లో పెరిగిన పిల్ల. అయినా మిషన్‌కి లంచం ఎవరిస్తారు చెప్పండి?”

ఆయనలో ద్వేషం లేదు. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. కంప్యూటరు తప్పు చెప్పదని ఆ ఊళ్లల్లో నమ్మించింది మేమే. ఆ నమ్మకం మీదే మా ల్యాబు నడిచింది. మజ్జిగ ఇచ్చి, జీపు దాకా వచ్చి మర్యాదగా పంపించాడు.

బాబాయ్ నమ్మలేదని తెలిశాక సువార్త తిరిగి మా దగ్గరకు రాలేదు. ఇల్లు గడవాలి, నేర్చుకున్నది రొయ్యల పరీక్షలు ఒక్కటే. మిగతా ల్యాబుల్లో ఆమె పేరు వినగానే ఖాళీ లేదన్నారు. చివరికి పని ఇచ్చింది బాపట్ల అవతల ఉన్న ఒక హేచరీ. ఆమె అక్కడ చేరిన కబురు రేపల్లె చేరగానే సాంబయ్య గారు ఎవరితోనో అన్నాడట, చూశారా, ఊరికే ఇచ్చారా ఉద్యోగం అని. అప్పటిదాకా అనుమానంగా ఉన్నది ఆ రోజుతో ఊళ్లో రుజువైపోయింది.

ఆ ల్యాబులో ఇంకొన్నేళ్లు చేసి రిటైరయ్యాను. నా కింద పనిచేసినవాళ్లకు రెండు సంగతులు చెబుతూ వచ్చాను. తెలియనప్పుడు తెలియదని చెప్పలేని ప్రోగ్రామును జనం మీదకు వదలొద్దు. ఇది ఏ మంచి గురువైనా చెబుతాడు. రెండోది నేను రేపల్లెలో నేర్చుకున్నది. లోపం దొరకగానే పేజీ మూసెయ్యండి, ఫలితాలు ఫోను మీద చెప్పించండి, కానీ లోపాన్ని ముట్టుకోవద్దు. దానివల్ల ఎవరు మాట పడ్డారో కనుక్కుని, ఆ మాట అన్నవాళ్లను పిలిచి, అదే కంప్యూటరు మీద, అదే చోట చూపించండి. సరిచెయ్యడం ఆ తర్వాత.