కొప్పు హెల్మెట్ ఎవరిది?

ఇంజినీరింగ్ డ్రాయింగ్ కాగితానికి కుడివైపు అడుగున చిన్న పట్టిక ఒకటి ఉంటుంది. అందులోనూ వర్ణాశ్రమ ధర్మాలున్నాయి. బొమ్మ గీసినవారు 'డ్రాన్ బై' గడిలో, ఆలోచించినవారు 'డిజైన్డ్ బై' గడిలో, తప్పులు పట్టినవారు 'చెక్‌డ్ బై' గడిలో కాపురముంటారు. భిలాయిలో హెల్మెట్లూ చేతితొడుగులూ తయారుచేసే నరసింగరావు కంపెనీలో కృష్ణప్రియ అయిదేళ్లుగా మొదటి గడి వదల్లేదు. ఇండస్ట్రియల్ డిజైన్‌లో ఆమెకు పట్టా ఉంది. అయినా ఆలోచన ఎవరిదైనా రెండో గడి సీనియర్ ప్రవీణ్‌కుమార్‌ది. అతను చెడ్డవాడేం కాదు. చదవకుండా సంతకం పెట్టడం తప్ప అతనికి మరే వ్యసనమూ లేదు.

ఈసారి ఆమె చేసింది ఆడవాళ్ల హెల్మెట్. ఉక్కు ప్లాంటు పనులకు వెళ్లే రేజాలు, అంటే ఆడకూలీలు, కొప్పుల మీద హెల్మెట్ పెట్టుకుంటే అది బోర్లించిన గిన్నెలా ఊగుతుంది. వంగితే కిందపడుతుంది. కారణం కనిపెట్టడానికి గొప్ప పరిశోధనేం అక్కర్లేకపోయింది: కంపెనీలో కొలతలకు వాడే ప్లాస్టరు తలకాయ బట్టతల. కృష్ణప్రియ వెనకవైపు కొప్పుకు చోటు వదిలి, పట్టీని కిందికి దించింది. కొలతలకు తలలిచ్చింది ఆదివారం సంఘం.

సంఘమంటే మరేం కాదు. భిలాయి చుట్టుపక్కల, కుమ్హారి నుంచి ఉతై దాకా, రకరకాల వస్తువులు డిజైన్ చేసే ఏడుగురు ఆడవాళ్లు. ప్రతి ఆదివారం సెక్టర్ 6లో, కృష్ణప్రియ మేనత్త అచ్చమ్మ క్వార్టర్ వరండాలో చేరి, ఒకరి డ్రాయింగు ఒకరు చూసుకుంటారు. అధ్యక్షురాలు లేదు, కార్యదర్శి లేదు. కనుక సంఘం నడుస్తోంది.

ఆ ఆదివారం అచ్చమ్మ కళ్లజోడు సవరించుకుని కాగితం మీదికి వంగింది.

"ఏటే, నీ పేరెక్కడ?"

"ఇదిగో అత్తా, ఈ గళ్లో."

"మరి ఈ పక్క గళ్లో ప్రవీణ్‌కుమారెవడు? ఆడికి కొప్పుందేటి?"

వరండా అంతా నవ్వింది, భాగ్యరేఖ తప్ప. ఆమె నీళ్లసీసాలు డిజైన్ చేసేది. మూడేళ్ల కిందట ఇలాంటి గడి దగ్గరే, నోరు మెదపకుండా ఉద్యోగం మానేసి వచ్చింది.

"నేనప్పుడు అడగలేదు," అంది. "అడిగితే ఏమనేవారో ఇప్పటికీ తెలీదు. రేపు డ్రాయింగు అచ్చు పోసేవాళ్లకి వెళ్లిపోతే మరి మారదు ప్రియా. నువ్వడుగు."

"బోల్ దో నా దీదీ, చెప్పెయ్యక్కా!" అంది అందరిలోకీ చిన్నదైన రజనీకుమారి. అక్కడితో ఆగక కుర్చీ లాక్కుని, కాలు మీద కాలేసుకుని, "నేనే నరసింగరావుని. చెప్పమ్మా," అని గొంతు బొంగురు చేసింది.

కృష్ణప్రియ మొదటిసారి "సారీ సార్" అని మొదలుపెట్టింది. రెండోసారి "మీరేమీ అనుకోకపోతే" అంది. అయిదోసారికి సారీ పోయింది గానీ వణుకు పోలేదు.

"వొణికితే వొణకనీ," అంది అచ్చమ్మ. "మాట బయటికొస్తే సాల్దేటి?"

సోమవారం అసలు నరసింగరావు ఆ మాట పూర్తిగా విన్నాడు. విని, పెద్దమనిషిలా నవ్వాడు.

"పేరుదేటుందమ్మా? పని ముఖ్యం."

"అయితే నా పేరే ఉండనివ్వండి సార్. పని ఎలాగూ ముఖ్యమే."

ఈ జవాబు రజనీకుమారి రిహార్సల్‌లో లేదు. నరసింగరావు ప్రవీణ్‌కుమార్‌ని పిలిపించాడు.

"ఏటయ్యా, ఈ ఎనకాల గుంట లోతెంత పెట్టేవు?"

ప్రవీణ్‌కుమార్ డ్రాయింగును మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు. నిజానికి మొదటిసారే.

"మేడమ్‌ని అడగాలి సార్."

నరసింగరావు కాగితాన్ని అతని వైపు తోశాడు. "సరే. నువ్వు చెక్‌డ్ బైలోకి దిగు. అమ్మాయి పేరు డిజైన్డ్ బైలో ఎయ్యి."

దిగిన ప్రవీణ్‌కుమార్, సిగ్గుతోనో ఏమో, ఆ కాగితాన్ని నిజంగానే చదివాడు. సాయంత్రం దాన్ని పట్టుకుని కృష్ణప్రియ బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఈ పట్టీ బొత్తం చెవి వెనక గుచ్చుకుంటుంది. ఇక్కడి కొలతా అక్కడి కొలతా కలవట్లేదు."

ఆమె చూసింది. రెండూ తప్పులే. అయిదేళ్లుగా ఆమె చేసిన తప్పులన్నీ లోకం దృష్టిలో ప్రవీణ్‌కుమార్‌వి. ఈ రెండూ మాత్రం అధికారికంగా ఆమెవే. కృష్ణప్రియ ఎర్రపెన్ను మూత తీసి, కుర్చీ ముందుకు జరుపుకుని, తీరిగ్గా దిద్దుకోవడం మొదలుపెట్టింది.