తీసేసిన దగ్గు

మీడియా ప్రొడక్షన్ కోర్సు చదువుతున్నప్పటి మాట. ఉప్పల్‌లో బస్సెక్కి, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని మా డాక్యుమెంటరీ ఆడియో సరిచేస్తున్నాను. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన పెద్దాయన ఇంటర్వ్యూ అది. మాటమాటకీ దగ్గు. మాటలు ఉంచి దగ్గులు కత్తిరించాలి. క్లాసులో అలాగే నేర్పారు.

కుదుపుకి ఇయర్‌ఫోన్ వైరు ఊడింది. ఆయన దగ్గు బస్సంతా వినిపించింది. నా పక్కన కూర్చున్నావిడ, ఒళ్లో కూరగాయల సంచి జారిపోతున్నా పట్టించుకోకుండా, సగం లేచి తలుపు వైపు చూసింది. తర్వాత నా స్క్రీన్ చూసి మెల్లగా కూర్చుంది.

"ఎవరు బిడ్డా గాయన?"

చెప్పాను. దగ్గులు తీసేస్తున్నానని కూడా చెప్పాను.

"మా ఆయన గూడ గట్లనే దగ్గేటోడు. రంగుల కంపెనీల జేసిండు. గల్లీ మొదట్ల దగ్గు ఇనవడంగనే లేసి తలుపు దీస్తుంటి."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"పోయి యాడాదైంది. లేసుడు మాత్రం ఇడుస్తలేదు."

నాచారంలో దిగిపోయింది. తీసేసిన దగ్గులన్నీ మళ్లీ పెట్టాను. పెద్దాయన మాటలు సరిగ్గా వినబడలేదు. మళ్లీ తీశాను. ఆయన గొంతు ఇంకెవరిదో అయిపోయింది.

ఇప్పుడు నా ఉద్యోగమే ఇది. ఎవరి దగ్గునైనా కత్తిరించబోతే చెయ్యి ఆగుతుంది. ఎక్కడో ఒకావిడ తలుపు తీయడానికి లేచే ఉంటుందనిపిస్తుంది.