పాప దాని అవ్వ దగ్గరుంది

ఆ రోజుల్లో మా ఇంట్లో రెండు తెలుగులు కాపురం చేసేవి. మాది తెనాలి పక్క, మా ఆయనది నల్లగొండ పక్క, ఇద్దరం వచ్చి పడింది దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఒక మూడో అంతస్తులో. కలిసి బతుకుతూ ఒకరి మాట ఒకరం నేర్చుకుంటాం అనుకున్నాను గానీ, నేర్చుకోవడం కన్నా దిద్దడమే నాకు ఎక్కువ ఇష్టమని త్వరలోనే తేలిపోయింది. (ఎమ్మే తెలుగు చదివిన వాళ్ళకు ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఈ జబ్బు మాత్రం తప్పకుండా వస్తుంది.) అన్నిటికన్నా పెద్ద యుద్ధం ‘అవ్వ’ మీద జరిగింది. మా అత్తయ్య మా మూడేళ్ళ చిట్టితో, “పో బిడ్డా, మీ అవ్వ పిలుస్తున్నది” అనేది. నన్ను! ముప్పై నిండని దాన్ని! మా వైపు అవ్వంటే పళ్ళూడిపోయి కర్ర పట్టుకుని నడిచే మనిషి. “అత్తయ్యా, అవ్వంటే ముసలావిడండీ” అన్నాను. “మరి కన్నతల్లిని ఏమంటరు?” “అమ్మ అంటారు.” “అమ్మంటే అందరు అమ్మలే గదనే. కూరగాయలామెను గూడ అమ్మా అనే పిలుస్తం. కన్నది మాత్రం అవ్వ.” ఆ వాదనలో బలముందని తెలుసు కాబట్టే వెంటనే గొంతు పెంచాను. ఆ సాయంత్రమే పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, అమ్మంటే నేను, అవ్వంటే నానమ్మ అని వల్లె వేయించాను.

ఇలా ఉండగా సాగర్ డ్యాం గేట్లు ఎత్తారని వార్త వచ్చింది. గేట్లెత్తారంటే ఊళ్ళో సగం జనం పిల్లల్నీ పులిహోర డబ్బాల్నీ వేసుకుని అటే పోతారు, అక్కడ నీళ్ళ కన్నా మనుషులే ఎక్కువ కనబడతారు. అయినా బయల్దేరాం. మా చిన్న కారులో మా ఆయనా, నేనూ, ఆరేళ్ళ మా పెద్దోడూ. మా మరిది తెచ్చిన జీపులో అత్తయ్య, మామయ్య. చిట్టికి మాత్రం ఫలానా బండి అని లేదు, కారులో ఉంటే జీపు కావాలని, జీపెక్కిస్తే కారు కావాలని ఏడ్చేది. ఇల్లు వదిలి కొత్తపేట చేరేలోపలే దాన్ని రెండుసార్లు మార్చాం. ఈలోగా పెద్దోడు తాను తిన్న పులిహోర మొత్తం నా కొత్త చీర మీద తిరిగి ఇచ్చేశాడు. వాన మొదలైంది, వైపరు ఒకటి సగంలో ఆగిపోయింది. “ఒక్క కన్నుతో చూసి నడపలేరా?” అన్నాను మా ఆయనతో. ఆయన ఏమీ అనలేదు. (ఏమీ అనకపోవడం ఆయన పద్ధతి. దానికి కూడా జవాబు చెప్పడం నా పద్ధతి.)

అప్పటికింకా పళ్ళ మార్కెట్ కొత్తపేటలోనే ఉండేది, బాటసింగారం తరలిపోలేదు. దాని ముందుకు రాగానే మామయ్య జీపు ఆపించాడు. “నల్లగొండ బత్తాయి లేకుంట సాగర్ పోతమా?” అన్నాడు. “సాగర్ ఉన్నదే నల్లగొండలో కదండీ, అక్కడే కొనుక్కోవచ్చుగా” అన్నాను. “గక్కడియన్ని గీడికే వస్తయమ్మా” అన్నాడు. ఆయనతో వాదిస్తే ఇలాగే ఉంటుంది, తప్పెక్కడుందో తెలుస్తుంది గానీ పట్టుకోవడానికి దొరకదు. అందరం దిగాం. ఆయన కాయలు నొక్కి చూస్తున్నాడు, నేను కుళాయి వెతుక్కుని చీర కడుక్కుంటున్నాను, చిట్టి అందరి కాళ్ళ మధ్యా తిరుగుతోంది. అంతలో వాన ఒక్కసారిగా దంచడంతో ఎవరి బండిలోకి వాళ్ళు పరిగెత్తాం.

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక, వెనక సీటు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించింది. చిట్టి జీపులో ఉందనే అనుకున్నాను, అయినా అడుగుదామని మా ఆయన ఫోన్ తీసుకుని మరిదికి చేశాను. మరిది నడుపుతున్నాడు కాబట్టి ఎత్తింది మామయ్య. ఆయనకు ఫోన్‌లో అవతల ఎవరున్నారో వినే అలవాటు లేదు, చెప్పేది చెప్పి పెట్టేస్తాడు. చుట్టూ హారన్లు. “పాప అక్కడుందా అండీ?” అని అరిచాను. “అరేయ్, పిల్ల దాని అవ్వ దగ్గరున్నదిరా! ఫికర్ చెయ్యకుంట నడుపు!” అని అంతకన్నా గట్టిగా అరిచి పెట్టేశాడు. కోడల్ని పట్టుకుని ‘అరేయ్’ అంటాడా అని నాకు ఒళ్ళు మండింది. (కొడుకు ఫోనులోంచి వచ్చింది కనక కొడుకే అనుకున్నాడని అప్పుడు తట్టలేదు.) ఆ మంటలోనే మా ఆయన వైపు తిరిగి, “మీ అమ్మ దగ్గరుందిట” అని సొంతంగా అనువదించి చెప్పాను. ఆయన తల ఊపి సాగర్ రోడ్డు పట్టాడు.

తుర్కయంజాల్ దగ్గర జీపు టైరు పంచరైంది. నేను బిస్కెట్ పొట్లం పట్టుకుని జీపు దగ్గరికి వెళ్ళి, “చిట్టిని ఇలా ఇవ్వండి, ఆకలేస్తుంటుంది” అన్నాను.

“నీ కాడ లేదా?” అంది అత్తయ్య.

“మీ దగ్గరుందని మామయ్య చెప్పారుగా!”

“నేనెప్పుడన్ననమ్మా? దాని అవ్వ దగ్గరున్నదన్న” అన్నాడు మామయ్య.

“అదే కదండీ, అవ్వ దగ్గరంటే...”

అక్కడితో ఆగిపోయాను. ఆయన మాటలో అవ్వంటే నేనే, పిల్ల మా కారులోనే నా ఒళ్ళో ఉందని కొడుక్కి ధైర్యం చెప్పాడన్నమాట. ముగ్గురం వానలో నిలబడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆ భయం ఎలా ఉంటుందో రాయను. పిల్లలున్న వాళ్ళకు తెలుసు, లేని వాళ్ళకు చెప్పినా ఎక్కదు. మరిదిని టైరు దగ్గర వదిలేసి మిగతా అందరం మా కారులోనే కుక్కుకుని వెనక్కి తిరిగాం. దారి పొడుగునా అత్తయ్య మామయ్యను తిడుతూనే ఉంది, “పండ్లు పండ్లని సంపినవ్, ఫోన్ల ఎవరని అడగనీకి నోరు లేదా?” అని. మామయ్య ఒళ్ళో బత్తాయి సంచి పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పెద్దోడు నా చెవి దగ్గరికి వచ్చి, “చిట్టి దొరక్కపోతే దాని సైకిల్ నాదేనా?” అని అడిగాడు. నాకు మాట రాలేదు. నాకు మాట రాలేదంటే మా ఆయనకే భయమేసి వెనక్కి తిరిగి చూశాడు.

మార్కెట్‌లో, మేం కాయలు కొన్న చోటే, టార్పాలిన్ కింద ఎండుగడ్డి మీద కూర్చుని ఉంది చిట్టి. మోచేతుల దాకా బత్తాయి రసం. కాయలు ఏరే ఒకావిడ దాన్ని ఒడిలోకి లాక్కుని ఇంకో తొన ఒలిచి పెడుతోంది. నేను చేతులు చాపి ఉరికాను. ఆమె పిల్లను గట్టిగా పట్టుకుని, “ఆగు. ఎవరు నువ్వు?” అంది.

“నా పిల్ల!”

“గట్ల ఎవ్వరన్న అంటరు. నీ పిల్లయితే గింతసేపు యాడికి పోయినవ్?” అని చిట్టి గడ్డం పట్టుకుని అడిగింది, “బిడ్డా, గీమె నీ అవ్వనా?”

చిట్టి నన్ను తీరిగ్గా చూసింది. “కాదు” అంది.

నేను నేర్పిన పాఠం ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది దానికి. “కాదంటున్నది!” అని ఆమె కేకేసింది. హమాలీలు మూటలు దింపి చుట్టూ చేరారు. అప్పుడు, అంతమంది మధ్య, ఎమ్మే చదివిన గొంతు మొత్తం పెట్టి అరిచాను, “నేనే దాని అవ్వని! కన్నదాన్ని! నేనే అవ్వని!”

“కాదు” అని చిట్టి నన్ను దిద్దింది. “అవ్వ అదుగో” అని వేలు చూపించింది. బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని అత్తయ్య వస్తోంది. కాయలామె ఆవిడ తెల్లజుట్టు చూసి, “గీమెనా? గీ వయసుల కన్నవా తల్లీ?” అంది. హమాలీలు నవ్వారు.

అత్తయ్య నా వైపు చూసింది. ఎన్నాళ్ళ తగవో అది, గెలవడానికి ఆవిడకు ఒక్క మాట చాలు. “అవ్ బిడ్డా” అంది నెమ్మదిగా, “నేనే అవ్వను. గామె అమ్మ. మా ఇంట్ల గట్లనే అంటం.”

“ఏం ఇల్లో ఏమో! పండ్లు మర్వలే, పిల్లను మర్శిపోయిన్రు” అంటూ ఆమె చిట్టిని నా చేతిలో పెట్టింది. నేను దాని మోచేతుల రసం నా కొత్త చీరకే తుడిచాను.

అంతా అయ్యాక సాగర్ కూడా వెళ్ళాం, మామయ్య పట్టుబట్టాడు. మా ఆయన “అదుగో, చూడు చూడు” అంటూనే ఉన్నాడు. నేను రెండు చేతులా చిట్టిని పట్టుకుని దాని నడినెత్తే చూస్తూ నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు మాత్రం విన్నాను.

తప్పెవరిదన్న సంగతి ఆ తర్వాత మామయ్యా నేనూ ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. అన్నం దగ్గరా, టీవీ ముందరా, చివరికి దవాఖానలో ఆయన మంచం పక్కన కూడా. ఫోనెత్తితే ఎవరని అడగాలి కదా అని నేను. తెల్వని మాటకు అర్థం అడగాల్నా వద్దా అని ఆయన. ఇప్పుడాయన లేడు. ఎదురు చెప్పేవాళ్ళు లేకపోతే వాదన సాగదు కాబట్టి, ఆకుకూర ఏరుకుంటూ ఆయన వైపు మాటలు కూడా నేనే అంటుంటాను, ఆయన తెలుగులోనే. ఈ మధ్య ఎక్కువగా ఆయనే గెలుస్తున్నాడు.