నేను చెరిపేసిన గొంతు

కొన్నేళ్లుగా దీన్ని లోపలే మోస్తున్నాను. రోజూ డైరీ రాస్తాను, ఇది తప్ప. గంగ పేరు వినబడితే చాలు, మాట మార్చేస్తాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

గంగ టెక్కలి కాలేజీలో నా పక్కన కూర్చునేది. మూలపేట వైపు, సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. మా ఇంట్లో నాకు ఫోను ఇవ్వరని తెలిసి, తను వాడిన చిన్న ఎంపీత్రీ ప్లేయర్ నాకు అమ్మింది. పలాస శివార్లలో మా పెరట్లో జీడిగింజలు కొడుతూ వినేదాన్ని.

కొన్నాళ్లకే పాటలు గెంతడం మొదలైంది. పల్లవి పూర్తికాకుండానే తర్వాతి పాటలోకి పోయేది. ఇయర్‌ఫోన్లు మార్చాను. నిండా ఛార్జింగ్ పెట్టాను. ఆపి మళ్లీ వేశాను. లాభం లేదు. అప్పుడు గంగ మీద అనుమానం పుట్టింది. పాడైందని తెలిసే నాకు అంటగట్టిందా? ఇచ్చేముందు చున్నీతో అంత శ్రద్ధగా ఎందుకు తుడిచింది? అంతగా ఎందుకు నవ్వింది? తన ప్రతి మంచితనం వెనకా ఏదో ఎత్తు ఉన్నట్టే తోచింది.

పాటల వరుసలో ఒకచోట పేరు లేదు, అంకెలే ఉన్నాయి. నొక్కితే గాలి హోరు, ఒక ముసలి దగ్గు, ఏదో పదం ఎత్తుకున్న గొంతు. అంతలోనే గెంతింది. ఈ చెత్తే మిగతావాటిని పాడుచేస్తోందని తీర్మానించుకుని మొత్తం ఫార్మాట్ చేసేశాను. పలాసలో కొత్త పాటలు ఎక్కించుకున్నాను.

అయినా గెంతింది.

అప్పుడు చూశాను. తర్వాతి పాటకు నొక్కే బటన్ చుట్టూ నల్లటి ముద్ద. గింజలు కొట్టేటప్పుడు పెంకులోంచి కారే జీడి అంటి పొక్కకుండా చేతులకు బూడిద రాసుకుంటాం. ఆ చేతులతోనే నొక్కేదాన్ని. బూడిదా జీడీ కలిసి గట్టిపడి బటన్‌ను లోపలే పట్టి ఉంచాయి. కొబ్బరినూనె గుడ్డతో తుడిచాను. మళ్లీ గెంతలేదు.

అంటే గంగ తప్పేమీ లేదు. సిగ్గుపడి ఊరుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది.

ఆ ఏడాదే వాళ్ల నాన్న కిడ్నీల జబ్బుతో పోయాడు. దినాలయ్యాక గంగ మా ఇంటికి వచ్చింది.

"ఏటే, నా ముసిల్ది ఇంకా పాడతందా, పడకేసిందా?" అని ప్లేయర్‌ను చూస్తూ నవ్వింది. వెంటనే గొంతు తగ్గించింది. "ఒలే, అందులో మా అయ్య పాటుండాల. వల లాగీటప్పటి పదం. ఒకపాలి ఎతికి సూడవే."

"నువ్విచ్చినప్పుడే అందులో అలాటి పాటేటీ నేదే," అన్నాను.

నా మొహంలోకి చూసింది. నమ్మింది.

"అయితే మా అన్నే సెరిపేసినాడు. నీకిచ్చీముందు ఆడికాడే ఉండీది. ఇక్కడికొచ్చీముందు అడిగితే నాను సెరపనేదన్నాడు, దొంగమొకంగాడు!"

ఆ దగ్గు నాకు తెలియదా? వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా గుమ్మంలో వల బాగుచేస్తూ, "ముల్లు సూసుకుని తినమ్మా" అన్న మనిషిదే కదా. నేను నిజంగా గుర్తుపట్టలేదా, లేక గంగ మోసగత్తె అని నిరూపించుకునే తొందరలో గుర్తుపట్టకూడదనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

గంగ అన్నతో మాట్లాడటం మానేసింది. అతను దూరపు రేవులకు వలస వేటకు వెళ్లిపోయాడు. గంగ పెళ్లిలో అన్న చేయాల్సినవన్నీ చిన్నాన్న కొడుకు చేశాడు. నేను అక్షింతలు వేసి, భోజనం చేసి వచ్చాను.

చెరిపింది అతను కాదు. నేను. ఈ మాట అనగానే గుండె కాస్త తేలికపడింది. గంగకు ఇంకా చెప్పలేదు.