తొమ్మిదో నంబరు గోల్

మా మేనత్త ఒకప్పుడు రోజుకు పన్నెండు స్కూలు యూనిఫాంలు కుట్టేది. ఇప్పుడు ఎనిమిది దాటితే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. కుట్టుమిషను తొక్కీ తొక్కీ అరిగిపోయాయని అందరూ జాలిపడతారు. సగం నేరం ఫుట్‌బాల్‌దని ఆవిడ ఎవరికీ చెప్పదు. "వయసు కదమ్మా" అని దారం తెంపుకుంటుంది.

ఆడవాళ్ళ జాతీయ కప్పు మొదలైన ఏడు అత్తకి పంతొమ్మిదేళ్ళు. బంతి కాలికి తగిలిందంటే ఎటు తిరుగుతుందో ఎవరికీ అంతుపట్టేది కాదు గనక జట్టంతా ఆమెను బొంగరం అని పిలిచేది. జాతీయ కప్పన్నది పేరు గొప్పే గానీ, వచ్చినవి ఆరంటే ఆరు జట్లు. కప్పు పాత్రల కొట్లో కొన్నది. మైదానం మగవాళ్ళ రెండు మ్యాచ్‌ల మధ్య గంటా పది నిమిషాలు ఇచ్చారు. జెర్సీలు ఒక మగవాళ్ళ క్లబ్బును బతిమాలి తెచ్చుకున్నవి, లెక్కకు పదకొండు. పన్నెండోది లేదు. అందుకని ఎవరైనా ఆట మధ్యలో బయటికొస్తే, ఒంటి మీది జెర్సీ విప్పి లోపలికెళ్ళే పిల్లకి ఇవ్వాలి, చెమటతో సహా.

ఫైనల్లో తొమ్మిదో నంబరు మా అమ్మ. అప్పటికింకా అత్తకు స్నేహితురాలు మాత్రమే. మా నాన్నను చేసుకుని వదిన అయింది తర్వాత. రెండో సగంలో ఆమెకు చీలమండ బెణికింది. జెర్సీ విప్పి బొంగరానికిచ్చి, బట్టలు మార్చుకునే గదిలో బకెట్టు నీళ్ళలో కాలు పెట్టుకుని కూర్చుంది. ఆఖరి నిమిషాల్లో బొంగరం గోల్ కొట్టింది. ఆ మ్యాచ్‌లో అదొక్కటే గోల్. రిఫరీకి తర్వాతి మగవాళ్ళ మ్యాచ్ తొందర. మనిషి మారిందన్న సంగతి కాగితం మీద రాయనే లేదు. గోల్ కొట్టింది తొమ్మిదో నంబరు, జాబితాలో తొమ్మిదికి ఎదురుగా అమ్మ పేరుంది, అదే ఎక్కించి సంతకం పెట్టాడు.

ఎవరూ పట్టించుకోలేదు. ఆ కప్పు మరుసటేడు ఉంటుందన్న నమ్మకం ఎవరికుంది గనక? కానీ నాలుగు నెలలకు కరెంటాఫీసులో ఆటల కోటా కింద ఒక ఉద్యోగం పడింది. ఆ కాగితం చూపించి అమ్మ చేరింది. పెళ్ళయ్యాక నాన్న ఫ్యాక్టరీ మూతపడితే ఇల్లంతా, అత్తతో సహా, ఆ ఉద్యోగం మీదే బతికింది. ఇక అత్త నోరెలా విప్పుతుంది?

కప్పు కూడా మాలాగే ఈడ్చుకుంటూ బతికింది. రెండేళ్ళు మైదానం దొరకక ఆగిపోయింది. ఒకసారి కప్పే పోతే కొత్తది చేయించారు. తర్వాత జట్లు ఇరవై నాలుగయ్యాయి, టీవీలో చూపిస్తున్నారు. ప్రతి ఫైనల్‌కీ తొలి కప్పు గెలిపించిన గోల్ కొట్టిన ఆవిడంటూ అమ్మను వేదికెక్కించి పూలగుత్తి ఇస్తారు. అత్త కింద కూర్చుని చప్పట్లు కొడుతుంది. నాకు అసలు సంగతి చెప్పిన రోజే "మీ అమ్మ దగ్గర ఈ మాట ఎత్తావంటే నా మీద ఒట్టే" అంది. ఆ చప్పట్లు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇద్దరి మీదా.

మొన్న ఆదివారం ఫుట్‌బాల్ సంఘం ఆఫీసు నుంచి గుమాస్తా ఒకావిడ వచ్చింది. నలభయ్యో ఏడు కదా, కప్పు చరిత్ర పుస్తకం వేస్తున్నారట. ఒకసారి అచ్చయితే ఇక మార్చరు. ఫోను బల్ల మీద పెట్టి, ఆ గోల్ గురించి చెప్పమని అమ్మను అడిగింది.

అమ్మ మొదలుపెట్టింది. వాన వెలిసిన నేల, జారిపడిన గోల్‌కీపరు, స్తంభం లోపలి అంచుకు తగిలి లోపలికెళ్ళిన బంతి. ఆ సాయంత్రం బకెట్టు పక్కన కూర్చుని అత్త చెప్పినవే అవన్నీ.

"కుడికాలితో లాగి కొట్టాను" అంది అమ్మ.

"ఎడం కాలు" అంది అత్త, మిషను దగ్గర నుంచి.

గుమాస్తా తలెత్తింది. అత్త కుడుతున్న చొక్కా పక్కన పెట్టింది. కోపం లేదు ఆ ముఖంలో, బొత్తిగా ఓపిక లేదంతే.

"నలభై ఏళ్ళ నుంచీ కుడికాలు, కుడికాలు అని విని విని విసిగిపోయాను వదినా. ఎడం కాలు. ఆ గోల్ నేను కొట్టాను."

నేను గబుక్కున అమ్మ వైపు చూశాను. అమ్మ మాత్రం ఉలిక్కిపడలేదు.

"ఎడం కాలని నాకు తెలుసు" అంది.

"మరి?"

"తప్పు చెప్తే ఎప్పుడో ఒకప్పుడు దిద్దుతావని. నాకై నేను చెప్పే ధైర్యం చాల్లేదే. నువ్వైనా అంటావని ప్రతి ఏడూ చూశా. నువ్వేమో చప్పట్లు కొట్టావు."

"రిటైరయ్యాకైనా చెప్పకూడదూ?"

"సిగ్గేసింది" అని అమ్మ ఏడ్చింది. అత్త లేచి ఓదార్చలేదు. లేవలేకపోయిందో, లేవబుద్ధి కాలేదో.

గుమాస్తా పాపం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇప్పుడు ఏం రాసుకోనమ్మా?"

"దాని పేరు రాయండి" అంది అమ్మ ముక్కు తుడుచుకుంటూ.

గుమాస్తా పేరు రాసుకుని, ఫోను అత్త వైపు జరిపింది. "అయితే ఆ గోల్ ఎలా కొట్టారో మీరు చెప్పండి."

అత్త పక్కన పెట్టిన చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"వదిన చెప్పినట్టే రాసుకో తల్లీ. నాకు ఇప్పుడు గుర్తున్నదల్లా తను చెప్పిందే. కాలొక్కటి మార్చు."