పండగ లేని ఇంటికి శుభాకాంక్షలు

రేపు ఉగాది కదా అని పొద్దున్నే నంద్యాలలో నెట్ సెంటర్‌కు పోయాను. కరెంటు ఎప్పుడు పోతుందోనన్న గాబరాలో, ఒకటే శుభాకాంక్షను కాపీ చేసి స్నేహితులందరి పేజీల్లోనూ అంటించుకుంటూ పోయాను. ఎవరి పేరూ సరిగా చూడలేదు.

మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి రమణ ఫోన్ చేశాడు.

"ఏందప్పా, ఈ యేడు మా ఇంట్లో పండగ యాడిది? నాయన పోయి ఆర్నెల్లన్నా కాల్యా. పాడె మోసినోనివి, నీకు తెల్దా?"

"కరెంటు పోతాదని బేగా పంపేసినా రమణా. చూసుకోల్యా."

"నిన్నెవురు తరుముతాండారప్పా?" అని ఫోన్ పెట్టేశాడు.

అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. బజారు రెండుసార్లు తిరిగొచ్చాను. సాయంత్రం మళ్లీ ఇదే నెట్ సెంటర్‌కొచ్చి, రమణకు నాలుగు మాటలు రాద్దామని కూర్చుని, రాసింది రాసినట్టే చెరిపేశాను. ఊరికే వచ్చిన జవాబులు చూస్తూ పోయాను. మిత్రులారా, మీరందరూ 'సేమ్ టు యూ' అన్నారు. కొందరైతే నా వాక్యాన్నే నాకు తిరిగి అంటించారు. నేను పంపింది చదివినవాడు, పండగ లేని రమణ ఒక్కడే.

రేపు మొదటి బస్సుకు ఆళ్లగడ్డ పోతున్నాను. ఇదైనా చదివినవాళ్లుంటే, మీ సొంత మాట ఒకటి కింద రాయండి. తొందరేం లేదు.